ఐదేళ్ల పిల్ల మీద మోపిన నేరం

మా పెద్దమ్మాయికి అప్పటికి ఐదేళ్లు నిండి రెండు నెలలు. బాబుకి రెండున్నర. మూడో బిడ్డ కావాలని మేం అనుకోలేదు. సంగతి తెలిసేటప్పటికే రెండో నెల దాటిపోయింది. ఉంచుకుందామా వద్దా అని నేనూ మా ఆయనా వారం రోజులు మాట్లాడుకున్నాం. నిజానికి మాట్లాడుకోలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వేరే సంగతులు చెప్పుకున్నాం. చివరికి ఉంచుకున్నాం. ఆ వారం రోజుల తటపటాయింపు కూడా తర్వాత నన్ను చాలాకాలం పీడించింది. వద్దా అనుకున్నందుకే ఇలా అయిందేమో అనిపించేది.

చోడవరంలో, అనకాపల్లి వెళ్లే రోడ్డు మీంచి లోపలికి వచ్చే ఒక సందులో అద్దెకుండేవాళ్లం. నేను ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన మాడుగులలో ఒక ఆఫీసులో గుమస్తా. పొద్దున్న ఎనిమిదింటికి బస్సెక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటేది.

ఐదో నెలలో అనకాపల్లిలో స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, నా ఎదురుగానే ఒక కాగితం వెనక్కి తిప్పి దాని మీద బోర్లించిన కుండ బొమ్మ వేసింది. కుండ మూతి దగ్గర పెన్నుతో గీతలు గీసి నల్లగా నింపింది.

"మాయ పైన ఎక్కడో ఉండాలమ్మా. మీకు కిందికి ఉంది. బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా పూర్తిగా కప్పేసింది. ముందు రెండూ ఆపరేషన్లే కదా, అలాంటివాళ్లలో ఇది కాస్త ఎక్కువగా చూస్తుంటాం."

"పైకి జరగదా అండీ?"

"కొందరికి నెలలు గడిచేకొద్దీ జరుగుతుంది. మీకు జరగొచ్చు, జరక్కపోవచ్చు. అప్పటిదాకా బరువులెత్తొద్దు. గొంతుక్కూచుని చేసే పనులొద్దు. ఒక్క చుక్క రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా సరే, వెంటనే వచ్చెయ్యాలి. రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఇది నొప్పి లేకుండానే వస్తుంది."

అన్నీ విని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "బాబుని ఎత్తుకోవచ్చా?"

"కూచుని ఒళ్లో పెట్టుకోండి. నిలబడి ఎత్తకండి."

ఆ మాట చెప్పడం ఆవిడకి తేలికే. మా బాబు పన్నెండు కేజీలుండేవాడు. నేలమీద నిలబడి రెండు చేతులూ పైకెత్తి "అమ్మా, ఎత్తు" అనేవాడు. నేను మంచం మీద కూచుని "రా నాన్నా, ఒళ్లోకి రా" అంటే వాడికి అది ఎత్తుకోవడం కిందికి వచ్చేది కాదు. అక్కడే కూలబడి తల నేలకేసి కొట్టుకునేవాడు.

బడి మానేశాను. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. కె.కోటపాడు దగ్గర పల్లెలో ఉండే మా అత్త, బట్టల సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. మావయ్య పోయిన దగ్గర్నుంచి ఎకరన్నర చెరకూ, కాస్త వరీ ఆవిడే ఒంటి చేత్తో చేసుకొస్తోంది. అవన్నీ పక్కపొలం వాళ్లకి అప్పజెప్పి వచ్చింది.

"మాయ కిందికుంటే ఏటి, పైకుంటే ఏటి, దేవుడున్నాడు. నువ్వు మాత్రం మంచం దిగకు. పిల్లల్ని నాను సూసుకుంటాను," అంది వచ్చీరాగానే.

చెప్పినట్టే చూసుకుంది. ఆవిడ మీద చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ రెండు గదుల ఇంట్లో పొద్దస్తమానం పడుకుని, నా పిల్లలకి వేరేవాళ్లు అన్నం పెడుతుంటే చూడటం నాకు చేతకాలేదు. ఆవిడ పప్పన్నం పెద్ద పెద్ద ముద్దలు చేసి పెట్టేది, నేను చిన్న ముద్దలు పెట్టేదాన్ని. ఆవిడ పిల్లకి జడ గట్టిగా బిగించి వేసేది. ఇలాంటివి పట్టుకుని మంచం మీంచే సణిగేదాన్ని. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

అత్త స్నానానికి వెళ్లినప్పుడో, కూరగాయలకి బజారుకి వెళ్లినప్పుడో నేను బాబుని ఎత్తుకునేదాన్ని. రోజుకి ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు. వాడు మెడ చుట్టూ చేతులు వేసి, ముక్కు నా భుజానికి రాసి, రెండు నిమిషాల్లో తృప్తిగా దిగిపోయేవాడు. ఈ రెండు నిమిషాలకి ఏమవుతుందిలే అనుకునేదాన్ని.

పెద్దమ్మాయి అది చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "డాక్టరమ్మ ఎత్తొద్దంది కదమ్మా," అంది.

"నాన్నకి చెప్పకేం. నానమ్మకి కూడా."

సరేనని తలూపింది. ఎవరికీ చెప్పలేదు. ఐదేళ్ల పిల్లకి దాచడం నేర్పింది నేనే. నేను దాచమన్నది ఎంత బరువైనదో దానికి తెలియదు. తెలిసిన నేను పట్టించుకోలేదు.

ఏడో నెలలో మళ్లీ స్కానింగ్ చేస్తే మాయ అంగుళం కూడా కదల్లేదు. కాన్పు విశాఖపట్నంలోనే జరగాలనీ, రక్తం ముందే సిద్ధంగా ఉంచుకోవాలనీ, ఎనిమిదో నెల రాగానే అక్కడికి దగ్గరగా వెళ్లిపోతే మంచిదనీ డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన ఆఫీసులో ఎవరెవరిది ఏ గ్రూపు రక్తమో కనుక్కుని ఫోన్లో రాసుకున్నారు.

ఆ తర్వాత వారంలోనే ఒకరోజు పొద్దున్న నాకు రక్తపు మరక కనిపించింది.

బొట్టుబిళ్లంత ఉందంతే. నొప్పి లేదు, ఏమీ లేదు. బిడ్డ లోపల కదులుతూనే ఉంది. స్నానాలగదిలో గోడకానుకుని చాలాసేపు నిలబడ్డాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో ప్రతి మాటా గుర్తుంది. ఇప్పుడు చెప్పానంటే ఈ పూటే విశాఖపట్నం తీసుకుపోతారు, కాన్పయ్యేదాకా పంపరు. రెండు నెలలు. బాబుకి ముందురోజే జ్వరం తగ్గింది, నా చీర కొంగు పట్టుకుంటే గానీ నిద్రపోవడం లేదు. వాడిని వదిలి రెండు నెలలా? లంగా ఉతికి ఆరేశాను. బయటికి వచ్చి అత్త ఇచ్చిన టీ తాగాను. రోజంతా ఇంకేమైనా కనిపిస్తుందేమోనని చూసుకుంటూనే ఉన్నాను. కనిపించలేదు. మర్నాడూ లేదు. చూశావా, ఏమీ కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అత్తకి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. వరి కోతకొచ్చింది, మనుషులు దొరికారు, ఈ రెండు రోజుల్లో కోయించకపోతే మళ్లీ దొరకరు అని. ఆవిడ ఫోన్ పెట్టేసి నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎలాగమ్మా? ఎల్లకపోతే పంట పోద్ది. ఎల్తే నువ్వొక్కదానివీ అయిపోతావు."

"వెళ్లి రా అత్తా. రెండ్రోజులే కదా. పక్కింటి అక్క ఉంది. నాకు బాగానే ఉంది," అన్నాను.

ఎంత సులువుగా అన్నానో! రెండు రోజులు ఇల్లు నాది అవుతుందని, పిల్లలకి నా చేత్తో అన్నం పెట్టుకోవచ్చని లోపల సంతోషం కూడా కలిగింది. మా ఆయన సెలవు పెడతానంటే ఆయన్నీ వద్దన్నాను. ఆసుపత్రి రోజులకి సెలవులు దాచుకోమన్నాను.

అత్త వెళ్లిన రెండో రోజు మధ్యాహ్నం. అమ్మాయి యూకేజీ, ఒంటిగంటకల్లా ఇంటికి వచ్చేసింది. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైన రోజులు. చెరకు ట్రాక్టర్లు రోడ్డంతా బారులు తీరి ఉండేవి, ఫ్యాక్టరీ నుంచి బెల్లపు మడ్డి వాసన ఇంట్లోకి కూడా వచ్చేది. భోజనాలయ్యాక నాకు నడుం వాల్చాలనిపించింది. అమ్మాయిని పిలిచి, "తమ్ముడిని చూస్తుండమ్మా, నేను కాసేపు పడుకుంటాను," అన్నాను. అది సరేనంది. వరండాలో రంగుల పెన్సిళ్లు పరుచుకుని కూచుంది. వాడు దాని పక్కన చెరకు ముక్క నములుతూ కూచున్నాడు.

మా ఇంటి బయటి నుంచి మేడ మీదికి మెట్లుండేవి. ఇంటాయన వాటికి ఇంకా పిట్టగోడ కట్టించలేదు. కళ్లు తెరిచి కిటికీలోంచి చూసేసరికి బాబు ఆరో మెట్టు అంచున గొంతుక్కూచుని, చెరకు పిప్పి ఒక్కొక్కటే కిందికి విసిరి అది ఎక్కడ పడుతుందోనని వంగి చూస్తున్నాడు.

నేను ఎలా లేచానో తెలియదు. మెట్లెక్కి, వాడిని రెండు చేతులా ఎత్తి గుండెకి అదుముకుని దిగి వచ్చాను. అమ్మాయి పెన్సిల్ పట్టుకుని అలాగే చూస్తోంది. అప్పటికి నేను దాన్ని ఏమీ అనలేదు. లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టి, ఇద్దరికీ బిస్కెట్లు ఇచ్చాను. అరగంట గడిచింది. ఏమీ కాలేదు అనుకున్నాను మళ్లీ.

మంచినీళ్ల కోసం లేచాను. కాళ్ల వెంబడి వెచ్చగా ఏదో జారింది. నొప్పి లేదు. కిందికి చూస్తే తెల్ల పలకల మీద రక్తం. మరక కాదు, చిందులు కాదు. ఆగకుండా పడుతోంది.

అమ్మాయి దగ్గరికొచ్చి, "అమ్మా, ఏటది?" అంది.

అప్పుడన్నాను. "నిన్ను చూస్తుండమన్నానా లేదా? నువ్వు సరిగ్గా చూసుంటే నేను వాడిని ఎత్తేదాన్నా? నీ వల్లే. ఇదంతా నీ వల్లే!"

గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాను. భయంలో నోరు జారిందని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆ క్షణంలో నాకు బొట్టుబిళ్లంత మరక గుర్తుంది. రోజూ దొంగచాటుగా బాబుని ఎత్తుకున్నది గుర్తుంది. అత్తని నేనే పంపించానని గుర్తుంది. అవన్నీ గుర్తుండే, నాకంటే చిన్నవాళ్లు ఎవరు కనిపిస్తే వాళ్ల మీదికి తోసేశాను.

అది ఏడవలేదు. చేతిలో ఉన్న బిస్కెట్టు బల్ల మీద పెట్టి, "పెద్దమ్మని పిలవనా?" అంది.

తలుపు గడియ దానికి అందదు. ప్లాస్టిక్ స్టూలు లాక్కొచ్చి ఎక్కి గడియ తీసింది. పక్కింట్లో బట్టలు కుట్టే అక్కని మా పిల్లలు పెద్దమ్మ అనేవారు. ఆవిడ మెడలో టేపు అలాగే వేలాడుతుండగా పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! పడుకో, కదలకు!" అని నన్ను నేలమీదే పడుకోబెట్టి, కాళ్ల కింద తలగడలు పెట్టి, బయటికెళ్లి ఆటోని కేకేసింది. నన్ను ఆటోలోకి ఎక్కిస్తుంటే బాబు నాతో వస్తానని గింజుకుని ఏడ్చాడు. పిల్లల్ని పట్టుకోమని తన కూతురికి చెప్పి ఆవిడ నాతో ఆటో ఎక్కింది. ఆటో కదిలినప్పుడు తల తిప్పి చూశాను. అమ్మాయి గేటు దగ్గర నిలబడి, రెండు చేతులతో తమ్ముడి చొక్కా పట్టుకుని ఉంది.

రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు. "పేషెంటుందర్రా, పక్కకి తియ్యండి బాబూ, పక్కకి తియ్యండి!" అని ఆటో అబ్బాయి అరుస్తూనే ఉన్నాడు. వాళ్లు పాపం రోడ్డు దిగి పొలం గట్టు మీదికి కూడా బండ్లు దించారు. అనకాపల్లిలో డాక్టరమ్మ సెలైన్ పెట్టి, బిడ్డ గుండె వినిపించింది. టకటకా కొట్టుకుంటోంది. అక్కణ్నుంచి అంబులెన్సులో విశాఖపట్నం. మా ఆయన నేరుగా అక్కడికే వచ్చారు.

ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ చూసింది. రక్తం అప్పటికి తగ్గుముఖం పట్టింది. బిడ్డ ఊపిరితిత్తులకి బలం రావడానికి నాకు ఇంజెక్షన్ ఇచ్చి, కేసు కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా కనిపించిందా?"

మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. "లేదండీ," అన్నాను.

"బరువేమైనా ఎత్తారా?"

"బాబు మెట్లెక్కేశాడండీ. వాడిని చూస్తుండమని మా పెద్దపాపకి చెప్పాను. అది చూసుకోలేదు."

ఇది రెండోసారి. ఇప్పుడు రక్తం తగ్గింది, కంగారు లేదు, బిడ్డ క్షేమమని కూడా చెప్పారు. అయినా అదే మాట అన్నాను. మా ఆయన అదే నిజమనుకుని ఇంటికి వెళ్లారు. అమ్మాయిని కొట్టలేదు, తిట్టలేదు. "తమ్ముడిని జాగ్రత్తగా చూసుకోవాలి కదమ్మా," అన్నారట అంతే. దానికి అది చాలు.

ఆసుపత్రిలో నలభై రోజులకు పైగా ఉన్నాను. మధ్యలో రెండుసార్లు కాస్త కాస్త రక్తం కనిపించి ఆగింది. అత్త కోతలు సగంలో వదిలేసి చోడవరం వచ్చేసింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. మొదటి రోజు ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాను ఎల్లకపోతే ఇలాగయ్యేది కాదమ్మా. పంట పోతే పోయీది. ముసలిదాన్ని, బుద్ధి లేకపోనాది."

"నీ తప్పేముంది అత్తా," అన్నాను. ఆ మాట నిజమే. కానీ తప్పెవరిదో చెప్పకుండా అన్నాను. ఆవిడ నన్ను మంచిదాన్ననుకుంది.

ఫోన్లో బాబు మొదట్లో "అమ్మా, రా" అని ఏడ్చేవాడు. పది రోజులయ్యేసరికి ఫోన్ లాక్కుని దాని మీద మీటలు నొక్కేవాడు. నెల తిరిగేసరికి వెనకనుంచి వాడి గొంతు వినిపించింది, అత్తని "అమ్మా" అని పిలుస్తూ. ఆవిడ కంగారుపడి, "నానమ్మ అనాల్రా గుంటడా, నానమ్మ," అని సర్దింది. అమ్మాయి మాత్రం ఫోన్ దగ్గరికి వచ్చేది కాదు. "హోంవర్కు రాస్తందమ్మా," అనేది అత్త. మరోరోజు "నిద్దరోయింది." సాయంత్రం ఆరింటికి ఏ పిల్ల నిద్రపోతుంది?

మూడో వారంలో ఒకరోజు పెద్ద డాక్టరమ్మ రౌండ్స్‌కి ఒంటరిగా వచ్చింది. నా పక్క మంచం ఖాళీగా ఉంది. అడిగేశాను.

"నేను బాబుని ఎత్తినందుకే రక్తం వచ్చిందా అండీ?"

"అలా చెప్పలేం. పడుకుని ఉన్నా వస్తుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి కింది భాగం సాగుతుంది, మాయ అంచు దగ్గర విడుతుంది. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా జరిగేదే."

"ముందొకసారి కనిపించింది. కొంచెం. మీకు లేదని చెప్పాను."

ఆవిడ పెన్ను ఆపింది. "ఎప్పుడు?"

"ఐదారు రోజుల ముందు. చేర్చేసుకుంటారని భయపడి ఎవరికీ చెప్పలేదు. పిల్లలు చిన్నవాళ్లు."

ఆవిడ కోప్పడితే బాగుండేది. మంచం అంచున కూచుని, "ఆ రోజే వచ్చుంటే ఇలాగే పడుకోబెట్టేవాళ్లం. రక్తం ఎలాగూ వచ్చేదేమో. కానీ ఇక్కడ వచ్చేది. ఇంట్లో, పిల్లల ముందు వచ్చేది కాదు," అంది. "మా దగ్గర దాచకండమ్మా. మీకు తెలిసింది మాకు తెలియకపోతే మేం చెయ్యగలిగేది ఏమీ ఉండదు," అని లేచింది.

అంటే అమ్మాయి చూసినా చూడకపోయినా రక్తం వచ్చేదే. ఈ మాట ఆ సాయంత్రమే ఫోన్లో దానికి చెప్పొచ్చు. అత్తని పిలిచి, ఫోన్ దాని చెవి దగ్గర పెట్టమని, "నీ వల్ల కాదమ్మా" అంటే సరిపోయేది. ఫోన్లో చెప్తే దానికేం అర్థమవుతుంది, ఇంటికెళ్లాక దగ్గర కూచోబెట్టుకుని చెబుదాం అనుకున్నాను. అసలు కారణం వేరు. చెప్పాలంటే మరక సంగతి బయటికి వస్తుంది. అత్తకీ, మా ఆయనకీ తెలుస్తుంది. ఆ పిల్ల ఇంకో పాతిక రోజులు ఆ బరువు మోయడం నాకు సులువైంది.

ఎనిమిదో నెల సగంలో ఒకరోజు పొద్దున్న పదింటికి మళ్లీ మొదలైంది. ఈసారి ఆగలేదు. మంచం తోసుకుంటూ ఆపరేషన్ గదికి పరుగెత్తారు. నాలుగు సంచుల రక్తం ఎక్కించారని తర్వాత చెప్పారు. మా ఆయన ఆఫీసు నుంచి నలుగురు కార్లో వచ్చి ఇచ్చి వెళ్లారట, వాళ్లకి నేను ఇప్పటికీ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఆడపిల్ల. కేజీ తొమ్మిదొందల గ్రాములు. పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచి నాకిచ్చారు. 

ఇంటికి వచ్చాక బాబు రెండు రోజులు నన్ను కొత్త మనిషిలా చూశాడు. మూడో రోజు ఒళ్లోకి వచ్చి పడుకున్నాడు. అమ్మాయి మాత్రం నా గది గుమ్మం దాటి లోపలికి రాలేదు. పిలిస్తే "తమ్ముడున్నాడు" అనేది. నిజంగానే వాడు ఎటు వెళ్తే అటు వెళ్లేది. వాడు వీధిలోకి వెళ్తే గేటు వేసేది, వాడు మంచమెక్కితే కింద నిలబడి చేతులు చాచేది. సందులో పిల్లలు ఆటకి పిలిస్తే మెట్ల దగ్గర అడ్డంగా కూచుని, "నాను రాను" అనేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ, "ఎంత బుద్ధిమంతురాలో! తల్లి తర్వాత తల్లిలా చూసుకుంటోంది," అని మెచ్చుకునేవారు. నేను తల వంచుకుని పాపకి పాలు పట్టేదాన్ని. ఆపరేషన్ కుట్లు ఆరాక చెబుదాం, పాప కాస్త బరువు పెరిగాక చెబుదాం అని మరో ఇరవై రోజులు గడిపేశాను.

ఒక ఆదివారం అందరం ఇంట్లోనే ఉన్నాం. బాబు కుర్చీ ఎక్కి దూకబోయి బోర్లా పడ్డాడు. పెదవి చిట్లి కాస్త రక్తం వచ్చింది. వాడు ఏడుపు ఎత్తుకునేలోపే అమ్మాయి గోడకి అతుక్కుపోయింది. "నాను సూస్తన్నానమ్మా, నాను సూస్తనే ఉన్నాను, నాను సూస్తన్నాను," అని ఆపకుండా అంటూనే ఉంది. దాని గౌను తడిసిపోయి, కాళ్ల చుట్టూ మడుగు కట్టింది.

పాపని అత్త చేతికిచ్చి వెళ్లి దాని ముందు కూచున్నాను. తాకబోతే వెనక్కి ఒదిగింది. మా ఆయన బాబు పెదవి తుడుస్తున్నారు. వాళ్ల ముందే చెప్పాను. ఒంటరిగా చెప్పుంటే మళ్లీ సగమే చెప్పేదాన్ని.

"ఆ రోజు రక్తం నీ వల్ల రాలేదు తల్లీ. అమ్మ అబద్ధం చెప్పింది. అంతకు ముందే ఒకరోజు రక్తం వచ్చింది. డాక్టరమ్మ వెంటనే రమ్మంది. అమ్మ వెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు. తప్పు అమ్మది."

అది నా ముఖంలోకి చూసింది. "తమ్ముడిని ఎత్తినందుకు కాదా?"

"కాదు. ఎత్తకపోయినా వచ్చేది. డాక్టరమ్మ చెప్పింది."

"మరి నువ్వు 'నీ వల్లే' అన్నావు."

"అన్నాను. అది అబద్ధం."

"డాక్టరమ్మ నిన్ను తిట్టిందా?"

ఏం చెప్పాలి? "తిట్టింది," అన్నాను. ఇంకో అబద్ధమే. కానీ ఆ పిల్ల ముఖంలో మొదటిసారి ఏదో సడలింది. "గట్టిగానా?" అంది. "గట్టిగానే." అప్పుడు ఏడ్చింది. నా దగ్గరికి వచ్చి కాదు, అక్కడే గోడకానుకుని, తడి గౌనులోనే. ఎంతసేపటికో నా చెయ్యి తన తల మీద ఉండనిచ్చింది.

నా వెనక అత్త గొంతు వినిపించింది.

"నన్ను కోతలకి పంపీసినప్పుడే తెల్సా నీకు?"

"తెలుసు అత్తా."

"ఆ ముక్క సెప్పుంటే నాను కదిలేదాన్నా? ఇన్నాళ్లూ నన్ను నానే తిట్టుకున్నానే! దేవుడికి ముడుపు కూడా కట్టేను, నా తప్పు కాయమని."

ఆవిడ ఒళ్లో పాప కదిలితే జో కొట్టింది. పదిహేను రోజుల తర్వాత చెరకు నరుకుడుందని పల్లె వెళ్లిపోయింది, మళ్లీ ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది. కానీ నేను "బాగానే ఉన్నాను అత్తా" అంటే ఇప్పటికీ ఒకసారి నా ముఖంలోకి పట్టి చూసి గానీ నమ్మదు. మా ఆయన రెండు మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు భోజనం చేస్తూ, "దాన్ని నేను కూడా అన్నాను కదా," అన్నారు. ఆ సాయంత్రం అమ్మాయిని బండి మీద ఎక్కించుకుని బజారు తీసుకెళ్లారు, దాన్నొక్కదాన్నే. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఒక్కరోజులో ఏదీ సర్దుకోలేదు. వేసవి సెలవులదాకా అది తమ్ముడి వెనకే తిరిగింది. పక్కింటి అక్క, "ఒసే, వాడిని నాను సూస్తాను, నువ్వెళ్లి ఆడుకో," అని రోజూ బలవంతంగా వీధిలోకి తరిమేది. మొదట్లో పావుగంటకోసారి వచ్చి చూసుకుని వెళ్లేది. తర్వాత్తర్వాత మర్చిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు చీకటి పడేదాకా రాలేదు. వీధి చివర పిల్లలతో కేకలు పెడుతుంటే వెళ్లి, దూరంగా నిలబడి విని, పిలవకుండా తిరిగొచ్చేశాను.

ఇప్పుడు అది మూడో తరగతి. చిన్నదానికి మూడో ఏడు, అందరి కంటే దానికే నోరెక్కువ. పెద్దదానికి ఇప్పటికీ ఒక అలవాటుంది. బస్సెక్కినా, పెళ్లికి వెళ్లినా, కూచోగానే "తమ్ముడేడి?" అంటుంది. వాడు పక్కనే ఉన్నా అంటుంది. అందరూ నవ్వుతారు.

మొన్న ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా, వరండాలో అది చెల్లికి కథ చెబుతోంది. నువ్వెలా పుట్టావో తెలుసా అని మొదలుపెట్టింది.

"అమ్మకి బోలెడు రక్తం వచ్చేసింది. గడియ నాకందలేదు. నేను స్టూలు ఎక్కి తీసేను. పరిగెట్టుకెళ్లి పెద్దమ్మని పిలిసేను. ట్రాక్టర్లన్నీ పక్కకి తప్పుకున్నాయంట. నేనే పిలవకపోతే నువ్వు లేవు."

"అమ్మ ఏడ్చిందా?" అని అడిగింది చిన్నది.

"ఊహూఁ. ఏటీ అనలేదు," అంది పెద్దది.

చేతిలో గరిటె అలాగే ఉంది. 'నీ వల్లే' అన్న ఆ మాట దానికి నిజంగా గుర్తులేదో, నేను వింటున్నానని తెలిసి దాటేసిందో, చెల్లికి అమ్మ గురించి అది చెప్పకూడదనుకుందో నాకు తెలియదు. ఎదురుగా వెళ్లి అడగొచ్చు. గుర్తులేకపోతే నేనే గుర్తుచేసినదాన్నవుతాను. గుర్తుండీ దాస్తోందంటే, దాచడం దానికి ఎవరు నేర్పారో నాకు తెలుసు. కూర మాడు వాసన వచ్చేదాకా అక్కడే నిలబడి, స్టవ్ ఆపి, ముగ్గురినీ అన్నానికి పిలిచాను.